ముడి

నా కుడి చెయ్యి
మూడు నెలలు నాది కాదు.
కొత్తవాడల నలబై ఏండ్లు జంపఖానాలు నేసిన చెయ్యి
మంచం పట్టె మీద ఆరేసిన తడిబట్ట లెక్క
వేలాడుకుంట ఉండె.

ఎంజీఎంల కసరత్తులు చెప్పే సన్నపిల్ల
రబ్బరు బంతి ఇచ్చింది.
"పిసుకు పెద్దయ్యా, రోజుకు నూరుసార్లు."
నేను పిసుకలే.
బంతికి నేనెవరో తెల్వది,
నాకు అదెందుకో తెల్వది.

నోరు పక్కకు పోయింది.
"నీళ్లు" అందామంటె "నిన్న" అని వచ్చేది.
సూడవచ్చినోళ్లు నా మొఖం దిక్కు గాకుంట
గోడ మీది క్యాలెండర్ దిక్కు సూసుకుంట
నా ముంగటనే నా భార్యను అడిగేది:
"తింటుండా భూలక్ష్మీ? పంటుండా?"

ఒక చలి పొద్దు, జిన్నింగు మిల్లు ఆటో
సందు మొగదల హారన్ కొడుతుంటె
పక్కింటి ఖాజాబీ ఉరికొచ్చి
ఒక మేకపిల్లను నా ఒళ్లె పడేసింది.
తల్లి ఈనంగనే సచ్చిందట.
"మార్కండన్నా, జర సూడు. పదింటికి పాలు తాపు."

ఎవరితోని అన్నది? నాతోని.
మూడు నెలల్ల నాకు పని చెప్పిన
మొదటి మనిషి.
పాపం, తొందర్ల నా చెయ్యి సంగతి
యాది మరిచినట్టుంది.

ఎడమ చేత్తోని సీస పట్టిన.
అది సీసను ఇడిసిపెట్టి
నా కుడి చేతి ఏళ్లను నోట్లె పెట్టుకున్నది.
పై పండ్లు లేని నోరు. గరుకు నాలిక. ఉడుకు.
ఏమీ లేని ఏళ్లల్ల నుంచి
ఏమో ఉన్నట్టె జుర్రుతున్నది.

నాకు తెలిసింది.
అరే, నాకు తెలిసింది!
మగ్గం మీద ఒక్క పోగు తెగితె
కండ్ల కంటె ముందు ఏళ్లకు తెలుస్తది సూడు,
అట్ల.

దానికి నా వంకర నోరు వంకర గాదు.
నిన్న నేనెట్లుంటినో దానికి ఎరుక లేదు,
పోల్చుకోని జాలిపడేతందుకు.
ఆకలైతె ఒర్రుతది.
కడుపు నిండితె నా తొడ మీద పంటది.
దాని పక్కబొక్కలు ఎగిరెగిరి నెమ్మది పడుతుంటె
నా ఊపిరి దాని ఎంబడి నడిచేది.

పేరు పెట్టలే. పిలువాలంటె "దా" అన్న.
ఒక్కటే అక్షరం, తిన్నగ వచ్చింది.
వంటింట్ల భూలక్ష్మి చేతిల గంటె
ఆగిన సప్పుడు ఇన్న.

జంపఖానా కుచ్చులన్ని నమిలి పారేసింది ఒకనాడు.
తిట్టిన.
తిట్లు మాత్రం ఒక్కటి గూడ తప్పు పోలే.

ఎంజీఎంల పట్టీ కట్టి సూసిండ్రు.
నూట ఎనబై ఉన్నది నూట నలబైకి దిగింది.
"బంతి పనిచేసింది పెద్దయ్యా" అన్నది సన్నపిల్ల.
నవ్విన. నోరు జర సక్కగనే నవ్వింది.
గోలీలు గూడ పనిచేసినయ్, కాదంటలేను,
ఒక్క పూట తప్పియ్యలే.
కని ఏ గోలీ నేను లేసేదాక
మంచం కోడు కాడ నిలబడలే.

వానలు పడ్డయ్.
ఖాజాబీ బిడ్డకు నర్సింగ్ కాలేజీల సీటొచ్చింది.
ఫీజు కావాలె.
పరకాల నుంచి అంగడోడు ట్రాలీ తెచ్చిండు.
ఆమె కొంగు కొన మెలేసుకుంట నిలబడ్డది,
నా దిక్కు సూడకుంట, క్యాలెండర్ దిక్కు సూసుకుంట.
నేనేమనలే. ఆమె మేక.
ఒక లెక్కన నా చెయ్యి గూడ ఆమె ఇచ్చిందే.

గుంజకు కట్టిన తాడు వానకు నాని
బిగుసుకపోయింది.
అంగడోడు కొడవలి తీస్తుంటె
"ఆగు" అన్న.
సన్నపిల్ల పెట్టిన ఆఖరి పరీక్ష అది, ముడి ఇప్పుడు.
అప్పటిదాక నాతోని కాలే.
బొటనవేలు. చూపుడువేలు.
గోరు దూర్చి, జరంత వదులు చేసి,
పోగు పోగు తీసినట్టు
ఇప్పిన.

తెల్లారి పాల యాళ్లకు
నాకంటె ముందు నా చెయ్యి లేసింది.
మంచం కిందికి ఏళ్లు చాపి
తడి కోసం
శానసేపు ఎదురుసూసింది.